ఆకు నడిచేంత నీరు

మా డెల్టా వాళ్ళకు ఏరంటే సరిగా తెలియదు. మాకు తెలిసింది కాలువ. పైనెక్కడో లాకుల దగ్గర ఒక ఉద్యోగి చక్రం తిప్పితే నీళ్ళు వస్తాయి, మళ్ళీ తిప్పితే ఆగుతాయి. వేసవిలో కాలువ కట్టేసే ముందు చెరువులు నింపుకుంటాం, జూన్ దాకా వాటితో గడుపుతాం. నీళ్ళు రాకపోతే ఆ ఉద్యోగిని తిడతాం. తిట్టడానికి మనిషంటూ ఒకడున్నాడు.

నేను గుడివాడ పక్కన పుట్టినవాణ్ణి. బెజవాడలో పత్రికలో పని చేస్తూ ఇరవై ఏళ్ళలో జిల్లా అంతా తిరిగాననే అనుకున్నాను కాని, మెట్టలో ఎండాకాలం ఎప్పుడూ గడపలేదు. మే నెలలో మా సంపాదకుడు పిలిచి, "నందిగామ, జగ్గయ్యపేట వైపు వెళ్ళి ఏర్లలో నీళ్ళెంతున్నాయో చూసి రండి. సాగర్ నీళ్ళొస్తే ఎట్లా ఉంటుందో రాయొద్దు, అది రోజూ వేస్తున్నాం. ఇప్పుడెట్లా ఉందో రాయండి" అన్నారు. రెండు రోజుల్లో వద్దామని వెళ్ళి, అయిదు రోజులున్నాను. ఎందుకున్నానో ముందుకు చదివితే తెలుస్తుంది.

మున్నేరు మీద

హైదరాబాదు రోడ్డు మీద కీసర దగ్గర బస్సు మున్నేరు వంతెన ఎక్కింది. పక్కన కూర్చున్న పొగాకు రైతు నా మోచేతి మీద తట్టి, "అదిగోనండీ ఏరు" అన్నాడు. తొంగి చూశాను. ఇసుక కనిపించింది.

"ఏదండీ?"

"అదిగో, ఆ గేదెలున్న చోట."

గేదెలు పదీ పన్నెండు ఉన్నాయి. మడుగు వాటి పొట్టలకే ఆనడం లేదు. కొంచెం అవతల ఆడవాళ్ళు ఇసుకలో గొయ్యి చేసి, అందులో ఊరిన నీటిని కొబ్బరి చిప్పతో తోడి బిందెల్లో పోసుకుంటున్నారు. దాన్ని ఇక్కడ చెలమ అంటారు. చిప్పెడు తోడి, మళ్ళీ ఊరేదాకా కూర్చుంటారు. మా వైపు బిందె ముంచి ఎత్తుతాం, ముంచడానికి పట్టే సమయం ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

"వానాకాలం రండి. ఈ వంతెన స్తంభాలు కనపడితే నన్నడగండి" అన్నాడు రైతు. ఏరు తనకు దగ్గరి చుట్టమైనట్టు, దాని పరువు కాస్త కాపాడాలనిపించినట్టుంది.

నందిగామ: ఉడకని పప్పు

నందిగామలో మధ్యాహ్నం హోటల్లో భోజనం డెబ్బై అయిదు నయాపైసలు. దోసకాయ పచ్చడి బాగుంది, మజ్జిగ పలుచన, మిరపకారం మా వైపుకన్నా రెండింతలు. పప్పు మాత్రం పలుకు పలుకుగా ఉంది. వడ్డించేవాణ్ణి అడిగాను.

"బావి నీళ్ళండి. ఏటి నీళ్ళ బండి ఇయ్యాళ రాలా."

ఈ నేల కింద సున్నపురాయి ఉందట. బావి నీళ్ళు తాగితే నాలుక గరుకుగా ఉంటుంది, కందిపప్పు ఎంతసేపు మరిగినా మెత్తబడదు. అందుకని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ కూడా ఒక్క బిందెడు ఏటి నీళ్ళు పప్పు కోసం విడిగా దాచుకుంటారు. ఇంటికొచ్చిన చుట్టానికి తాగడానికి ఏటి నీళ్ళిస్తే మర్యాద చేసినట్టు.

నేను వచ్చిన పని విని హోటలు యజమాని గల్లాపెట్టె వదిలి వచ్చి కూర్చున్నాడు. "ఏరు చూడ్డానికొచ్చారా? అయితే ఎల్లుండి కాక ఆవలెల్లుండి ఒక చోట మురుగు పాట ఉంది, చూడండి."

ఇక్కడ పాట అంటే వేలంపాట. ఆ సంగతి నాకు తెలుసు. "మురుగు కూడా పాడతారా?" అన్నాను.

"తుమ్మచెట్లు పాడతారు, సంత పాడతారు, చెరువులో చేపలు పాడతారు. మురుగేం పాపం చేసిందండీ?"

వేదాద్రి: డెల్టా కాళ్ళు

మర్నాడు జగ్గయ్యపేట. నాపరాళ్ళ ఊరు. అరుగులు నాపరాళ్ళు, నీళ్ళ తొట్లు నాపరాళ్ళు, కొన్ని ఇళ్ళకు ప్రహరీ కూడా నిలువుగా పాతిన నాపరాళ్ళే. పదకొండు గంటలకు వీధిలో నడిస్తే పొయ్యిమీద పెనం పక్కనుంచి పోతున్నట్టుంది. అక్కడినుంచి ఒంటెద్దు బండిలో వేదాద్రి చేరాను.

కృష్ణ ఉంది గాని, అవతలి ఒడ్డుకు జరిగిపోయింది. నరసింహస్వామి దర్శనం చేసుకుని, నీళ్ళ దాకా పోదామని చెప్పులు విడిచి ఇసుకలో దిగాను. నలభై అడుగులు వేసేసరికి అరికాళ్ళు కాలిపోయి, పంచె పైకెత్తుకుని పరుగెత్తాను. పడవ పక్కన నీడలో పడుకున్న సరంగు లేచి కూర్చుని మరీ నవ్వాడు.

"తమరిది ఏ ఊరండీ?"

"గుడివాడ దగ్గర."

"అదీ సంగతి. డెల్టా కాళ్ళు. బురదలో నడిచే కాళ్ళు ఇసకలో నిలబడవు."

అతనే తన మూటలోంచి జొన్నరొట్టె, గోంగూర పచ్చడి, ఒక ఉల్లిపాయ పెట్టాడు. తింటూ చూస్తే నీరు మోకాలి లోతున మెల్లగా పోతోంది. మా కాలువలన్నిటికీ రావలసిన నీరది. మా ఊళ్ళో లాకుల ఉద్యోగిని తిట్టినంతసేపూ ఈ మోకాలి లోతు నాకు తెలియదు.

పేరు రాయని ఊరు

మూడో రోజు నందిగామ వైపు తిరుగు బస్సెక్కి, మధ్యలో హోటలు యజమాని చెప్పిన ఊళ్ళో దిగాను. పల్లె అనడానికి పెద్దది, పట్నం అనడానికి చిన్నది. నాలుగు బజార్లు, రెండు బియ్యం మిల్లులు, ఒక డేరా సినిమా. సర్పంచి గారు యాభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. కాఫీ ఇప్పించి, "అన్నీ చూడండి, అన్నీ రాయండి, ఊరి పేరు మాత్రం రాయకండి. మురుగు అమ్ముకునే ఊరంటే మా పిల్లలకు సంబంధాలు రావు" అన్నారు. మాటిచ్చాను.

ఊరిని ఆనుకుని ఒక వాగు ఉంది. అది పోయి ఏట్లో కలుస్తుంది. ఊరివాళ్ళు వాగునే ఏరంటారు, నేనూ అట్లాగే రాస్తాను. దాని వెంట నడిచి వెళుతుంటే ఒక అరటితోట, తోట చివర మూడు గుంటలు వరసగా కనిపించాయి. మొదటి దాని మీద చేమ ఆకులు ఏనుగు చెవులంత పెరిగి నీరు కనపడటం లేదు. రెండోదాని చుట్టూ తుంగ. మూడో గుంటలో నీరు తేటగా, అడుగున గులకరాళ్ళు కనపడేటట్టు ఉంది. మూడు రోజులుగా నేను చూసిన నీటిలో ఇదే మంచిది. ఊట అనుకుని గట్టున కూర్చుని, ముఖం కడుక్కుని, కళ్ళు తుడుచుకుని, నోట్లో పోసుకోబోతున్నాను.

"తాగకండి సార్!"

తెల్ల చొక్కా, గొడుగు, చంకలో హాజరు పుస్తకం. క్రైస్తవుల గూడెంలో మిషను బడి మాస్టారు, దేవదానం. పరుగెత్తుకు వచ్చి నా పక్కన నిలబడి ఆయాసం తీర్చుకున్నాడు.

"ముఖం కడుక్కుంటే పర్లేదండి. నేనూ ఒకసారి కడుక్కుని చూశా. ఇది ఊరి మురుగు."

నేను తువ్వాలు వంక చూసుకున్నాను. దానికి మురుగు వాసన లేదు.

మాస్టారి అర్జీ

గుంటల గట్టున కూర్చుని ఆయన చెప్పిన కథ ఇది.

అయిదారేళ్ళ కిందట పంచాయతీ బజార్లకు పక్కా మురుగు కాలువలు కట్టించింది. ఊరికి మంచి జరిగింది. ఆ కాలువలన్నీ తెచ్చి ఏట్లో వదిలారు. వదిలిన చోటికి దిగువన చాకలి రేవు, దానికి దిగువన గూడెం వాళ్ళ చెలమలు. ఆ ఎండాకాలమే గూడెంలో వాంతులు, విరేచనాలు. మాస్టారి బడిలో ఇద్దరు పిల్లలు పోయారు. హాజరు పుస్తకంలో ఆ పేర్లు ఆయన కొట్టెయ్యలేదు, ఏడాది చివరిదాకా రోజూ పిలిచే వరసలో ఆ రెండు చోట్లా కాస్త ఆగి ముందుకు వెళ్ళేవాడట.

ఆ రోజు నుంచి అర్జీలు. తహసీలుదారుకు, సమితికి, పంచాయతీకి. ప్రతి అర్జీలోనూ ఒకటే మాట: ఊరి మురుగు ఏట్లో కలవకుండా ఆపించండి.

నిరుడు ఆపారు. ఎట్లాగంటే, మురుగును పాట పెట్టారు. ఏటి ఒడ్డున మూడెకరాలున్న కోటయ్య గారు పాడుకున్నారు. ఆయన తెలివైన రైతు. పచ్చి మురుగు పెడితే మొక్క మాడుతుందనీ, ఇంజను గొట్టం పూడుతుందనీ తెలుసుకుని మూడు గుంటలు తవ్వి, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మెల్లగా దిగేటట్టు చేశాడు. మూడో గుంటలోంచి ఆయిలు ఇంజను పెట్టి తోటంతా తడుపుతున్నాడు. చుక్క వదలడు.

"అయితే మీరు కోరిందే జరిగింది కదా?" అన్నాను.

"జరిగిందండి. రండి, చూపిస్తా."

రేవు

రేవులో బండలున్నాయి, నీళ్ళు లేవు. బండల మీద ఎండిన ఉప్పు తెల్లగా మెరుస్తోంది. ఒక బండ మీద కూర్చుని చుట్ట కాలుస్తున్న ముసలాయన రేవు పెద్ద వీరాస్వామి. మమ్మల్ని చూడగానే లేచి, చుట్ట వెనక్కి పెట్టుకుని, "రండి మాస్టారూ, మీరు ఎండబెట్టిన రేవు చూద్దురుగాని" అన్నాడు.

వీరాస్వామి నావైపు తిరిగాడు.

"మా మాస్టారు మంచోడండి. మురుగొద్దన్నాడు, దేవుడు విన్నాడు. ఏరే తీసుకుపోయాడు."

వీళ్ళిద్దరి మాటల్లోంచి నాకు అర్థమైన సంగతి, ఊళ్ళో చాలామందికి నిరుటిదాకా అర్థం కానిది. మెట్టలో ఏటికి రెండువైపులా ఇంజన్లు పెరిగాయి. పైన మిరప తోటలు, పొగాకు నారుమళ్ళు ఏటిని ఎప్పుడో తాగేశాయి. ఏప్రిల్ దాటితే పైనుంచి నీరు రావడమే లేదు. అయినా పాట పెట్టేదాకా రేవులో సన్నగా నీరు పారుతూనే ఉండేది, చెలమల్లో ఊరుతూనే ఉండేది. ఏరు పారుతోందనే అనుకున్నారు అందరూ. పారింది బజార్లలో అంట్లు తోమిన నీళ్ళు, స్నానాల నీళ్ళు, మిల్లుల నీళ్ళు. దాన్ని ఆపమన్నది మాస్టారు.

గూడెం చెలమల దగ్గరికి వెళ్ళాం. నిరుడు మోచేయి దిగితే అందిన నీరు ఇప్పుడు మనిషి లోతున ఉంది. గొయ్యిలోకి ఒక సన్నపాటి ఆడమనిషిని దింపి, పైనుంచి తాటాకు దొప్ప అందిస్తున్నారు. ఇసుక విరిగి మీద పడుతుందని నలుగురు అంచుల్లో కూర్చుని కాళ్ళు అడ్డుపెట్టారు.

అక్కడే కూర్చున్న డెబ్బై ఏళ్ళావిడ శాంతమ్మ. మాస్టారికి దొడ్డమ్మ.

"ఏరా అబ్బాయ్, పేపరాయన్ని తెచ్చావంట. ఇంకో అర్జీ రాయిస్తున్నావా? చెయ్యి తిరిగినోడివి, ఈసారి వాన పడకూడదని రాయి."

ఆడవాళ్ళు నవ్వారు. మాస్టారు కూడా నవ్వబోయి, గొయ్యిలోకి చూసి ఊరుకున్నాడు.

ఆకు నడక

పాట మర్నాడే. మాస్టారి ఆలోచన చిన్నది. పాట ఎవరు పాడుకున్నా సరే, మూడో గుంట నీటిలో కొంత ఏటికి వదలాలని షరతు రాయించాలి. పచ్చి మురుగు కాదు, తేరిన నీరు. ఆ నీరు ఇసుకలోకి దిగి చెలమలో ఊరితే, కాచుకు తాగితే, ఫరవాలేదని ఆయన నమ్మకం. తన బడి కిటికీలో ఒక పిప్పరమెంట్ల సీసా ఉంది. అందులో మూడో గుంట నీళ్ళు పోసి నాలుగు పరిగి చేపపిల్లల్ని వేశాడు. పది రోజులైంది, తిరుగుతున్నాయి. రెండో గుంట నీళ్ళలో వేసినవి రెండో రోజుకు తేలాయట. దీన్ని డాక్టర్లు ఒప్పుకుంటారో లేదో నేను చెప్పలేను. ఆయన మాత్రం ముందు తన ఇంట్లో కాచుకు తాగాడు.

"ఎంత వదలాలని రాస్తారు?" అన్నాను. పత్రికవాడి ప్రశ్న. కొలత కావాలి.

ఆయన దగ్గర కొలత లేదు. వీరాస్వామి దగ్గర ఉంది. రేవువాళ్ళది పాత పద్ధతి. ఎండాకాలం రేవు పనికొస్తుందా లేదా చూడటానికి పై బండ దగ్గర ఒక వేపాకు వేస్తారు. అది ఎక్కడా ఆగకుండా కింది బండ దాకా పోతే ఉతకొచ్చు, మురికి వెళ్ళిపోతుంది. ఆకు ఆగితే ఆ నీళ్ళలో మురికి మళ్ళీ బట్టకే ఎక్కుతుంది. ఆ రోజుకు మూట కట్టుకుని ఇంటికి పోతారు.

"కింది బండ దాటి చెలమల దాకా ఆకు నడవాలండి. అంతే. అంతకంటే ఎక్కువ మాకొద్దు, తక్కువైతే మాకు పనికిరాదు" అన్నాడు వీరాస్వామి.

ఇంజనీర్లతో ఎన్నో ఏళ్ళు మాట్లాడాను. ఏటికి కనీసం ఎంత నీరుండాలో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం మాస్టారి ఇంట్లో జొన్న అన్నం, చింతచిగురు పప్పు. పప్పు మెత్తగా ఉడికింది. కోటయ్య గారు షరతుకు ఒప్పుకోకపోతే ఏం చేస్తారని అడిగాను. "మేమే పాడతాం. గూడెం, రేవు కలిసి" అన్నాడు మాస్టారు. పాటకు ముందు కట్టే ధరావతు డబ్బు కూడా సిద్ధం చేశారట.

గుమ్మంలో కూర్చున్న శాంతమ్మ వక్కపలుకు నోట్లోంచి తీసి మరీ అడిగింది. "గుంటల్లో మడ్డి ఎత్తేదెవరు?"

మొదటి గుంటలో నెలనెలా మడ్డి పేరుకుంటుంది. దాన్ని ఎత్తకపోతే మూడో గుంట కూడా మురుగే. నిరుడంతా కోటయ్య గారు దాన్ని గూడెం వాళ్ళ చేతే కూలికి ఎత్తించారు.

"మనమే ఎత్తుతున్నాం కదా దొడ్డమ్మా ఇప్పుడూ" అన్నాడు మాస్టారు.

"కూలికి దిగితే కూలి. సాయంత్రానికి కడుక్కుని బయటికొస్తాం. పాట పాడి దిగితే ఆ మురుగు మనదైపోద్ది. రేపు మన పిల్లల్ని మురుగోళ్ళంటారు. ఆ పని ఒద్దనే కదరా నువ్వు ఈళ్ళందరికీ అక్షరాలు నేర్పింది?"

మాస్టారు ఆ పూట ఇంకో ముద్ద తినలేదు.

పాట

పంచాయతీ ఆఫీసు వరండాలో బెంచీలు, ఒక బల్ల, డప్పు వేసిన మనిషి. పదిగంటలకు జనం చేరారు. కోటయ్య గారు ముందు బెంచీ మీద కూర్చున్నారు. పొడగరి, చేతిలో ఇత్తడి పొన్ను వేసిన కర్ర, గొంతు గట్టిది. పక్కనే సర్పంచి గారు, గుమాస్తా. మాస్టారు, వీరాస్వామి వరండా కింద ఎండలో నిలబడ్డారు.

గుమాస్తా షరతులు చదివాడు. ఆఖరి షరతు మాస్టారు రాయించింది. రేవు పై బండ నుంచి గూడెం చెలమల దాకా ఆకు ఆగకుండా నడిచేంత నీరు ఎల్లప్పుడూ వదలవలెను. చదివి, తనే నవ్వాడు. జనం నవ్వారు.

"ఏ ఆకండీ? అరిటాకా, విస్తరాకా?" అన్నారు కోటయ్య గారు.

"వేపాకండి బాబుగారూ" అన్నాడు వీరాస్వామి.

"ఒరే వీరాస్వామీ, నీ ఆకు నడిస్తే నా అరటి నడవదు. ఈ షరతు తీసేస్తే పాడతా. ఉంటే నేను పాడను. నేను పాడకపోతే ఈ ఊళ్ళో ఆ మురుగుకు రేపటినుంచి దిక్కెవరో చూసుకోండి."

ఎవరూ పాడలేదు. సర్పంచి గారు ఇటూ అటూ చూసి, షరతు కొట్టెయ్యమని గుమాస్తాకు చెప్పబోతున్నారు.

"మేం పాడతాం" అన్నాడు మాస్టారు.

వెనకనుంచి ఒకడు, "ఆరేళ్ళు వద్దన్నాడు, ఇయ్యాళ కొంటన్నాడు!" అన్నాడు. వరండా అంతా నవ్వు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. పిల్లల మధ్య నిలబడి బోర్డు మీద రాసేటప్పటి గొంతుతో నిరుటి పాట మొత్తమే చెప్పాడు. వీరాస్వామి మొలలోంచి ధరావతు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంకో మాట రాసుకోవాలండి" అన్నాడు మాస్టారు. "గుంట మడ్డి గూడెం వాళ్ళు ఎత్తరు. చెరువుకు పూడిక తీసేటప్పుడు ఇంటికొకరు వస్తారు కదండీ. ఈ గుంటకూ బజార్ల వాళ్ళు ఇంటికొకరు రావాలి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గోలయింది. చెరువు పూడిక వేరు, ఇది వేరు అని నలుగురు లేచారు. సర్పంచి గారు చేయెత్తి వాళ్ళను ఆపి, నెమ్మదిగా అడిగారు.

"మాస్టారూ, చెరువు నీళ్ళు మనం వాడుకుంటాం కాబట్టి వస్తాం. ఇదెందుకొస్తారు జనం?"

"చెరువు నీళ్ళు మీరు వాడబోయేవండి. ఇవి మీరు వాడినవి."

సర్పంచి గారు బల్ల మీది ధరావతును గుమాస్తా వైపు జరిపారు. పాట మాస్టారి పేర ఖాయం చేశారు. రెండో మాట రాయించలేదు. "అది నేను రాస్తే మళ్ళీ ఎన్నికల్లో నిలబడలేను. మీ గుంట, మీరు చూసుకోండి" అన్నారు. న్యాయం తెలిసిన మనిషే. తెలిసినంత చేయలేకపోయాడు.

మొదటి గుంట

ఆ సాయంత్రం నేను బస్సెక్కవలసింది. ఎక్కలేదు. మూడో గుంట గట్టు బెత్తెడు తెంపి నాపరాయి తూము పెట్టారు. వీరాస్వామి పై బండ దగ్గర ఆకు వేశాడు. రెండు చోట్ల ఆగింది. పారతో ఇసుక గీసి దారి చేశారు. మూడోసారి కింది బండ దాటింది. చీకటి పడే వేళకు చెలమల దాకా ఇసుక నల్లగా తడిసింది.

మొదటి గుంట మాత్రం నిండి ఉంది. ఎవరు దిగాలన్నది తేలలేదు. వీరాస్వామి తాను దిగుతానన్నాడు. మాస్టారు వద్దన్నాడు. తనే దిగుతానని చొక్కా విప్పబోతే శాంతమ్మ చేయి పట్టుకుని, "నువ్వు దిగితే నేనిక్కడే కూర్చుని ఏడుస్తా, ఊరంతా వినేటట్టు" అంది.

ఆ రాత్రి నేను మాస్టారి ఇంట్లోనే పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే కోటయ్య గారు అక్కడికొచ్చారు. అరుగు మీద కూర్చోలేదు, మాస్టారు కూర్చోమనీ అనలేదు. పాట పోయినప్పటినుంచి ఇంజను ఆగింది. అరటి గెలలు వేసి ఉంది, ఆకు అంచులు మాడుతున్నాయి.

"ఆకు నడవగా మిగిలిన నీళ్ళు నాకివ్వండి మాస్టారూ. పాటలో సగం నేను పెట్టుకుంటా. మడ్డి కూడా నేనే ఎత్తించుకుంటా, తోటకు ఎరువు."

"నీళ్ళు తీసుకోండి. మడ్డీ తీసుకోండి. గూడెం వాళ్ళను మాత్రం గుంటలోకి పిలవకూడదు."

"మరెవరెత్తుతారయ్యా?"

"అది తమ ఇష్టమండి."

కోటయ్య గారు కర్ర నేల మీద రెండు సార్లు కొట్టి వెళ్ళిపోయారు. వెనక్కి రారని నేననుకున్నాను. సంచీ సర్దుకుని పదిగంటల బస్సుకు బయల్దేరి, దారి కాబట్టి గుంటల మీదుగానే వెళ్ళాను.

మొదటి గుంటకు పైన అడ్డుకట్ట వేసి, మురుగును పక్కనుంచి రెండో గుంటలోకి మళ్ళించారు. చేమలు కోసి గట్టున పడేశారు. బజార్లోంచి కూలికి రమ్మని కోటయ్య గారు నలుగుర్ని అడిగారట, ఎవరూ రాలేదట. బండి గట్టున ఉంది. ఆయనా, ఆయన తమ్ముడూ పంచెలు ఎగగట్టి, తలకూ ముక్కుకూ తువ్వాళ్ళు చుట్టుకుని, మోకాలి లోతు మడ్డిలో ఉన్నారు. తమ్ముడు తట్ట నింపి ఎత్తుతున్నాడు. కోటయ్య గారు పార వేస్తున్నారు. ముక్కు మీద తువ్వాలు జారితే సర్దుకోవడానికి చెయ్యి శుభ్రంగా లేదు.

గట్టున మాస్టారు, వీరాస్వామి, గూడెం వాళ్ళు పది పదిహేను మంది. వేడుక చూడటానికి వచ్చినట్టు లేరు. అలవాటుగా తాము నిలబడే చోట వేరే వాళ్ళు నిలబడితే ఎక్కడ నిలబడాలో తెలియనట్టున్నారు.

తట్టలు పాతిక దాటాక కోటయ్య గారు నడుం పట్టుకుని, అయిపోయిందన్నట్టు పార గట్టు మీద ఆనించారు. శాంతమ్మ ముందుకొచ్చి, వంగి, గుంటలోకి చూసింది.

"అడుగున ఇంకా ఉంది బాబుగారూ" అంది. "మూల గోకండి. అక్కడే పేరుకుంటది."

కోటయ్య గారు తలెత్తి ఆవిడ వంక చూశారు. పార మళ్ళీ అందుకుని, మూలకు వెళ్ళి, గోకడం మొదలుపెట్టారు.